ఇంటి సినిమా ఊరు చేరాలంటే

(షామ్‌బర్గ్‌లో ఉంటున్న ఒక శ్రోత మా కమ్యూనిటీ రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి ఇది అక్షరరూపం. మాట్లాడిన తీరు మార్చకుండా ఇస్తున్నాం.)



నేను షామ్‌బర్గ్ నుంచి మాట్లాడుతున్నాను. కొత్తగా వింటున్నవాళ్ళ కోసం చెప్తున్నాను, ఇది షికాగోకి వాయవ్యంగా ఉన్న ఊరు. వుడ్‌ఫీల్డ్ మాల్ పేరు చెప్తే చాలామంది గుర్తుపడతారు. మోటరోలా కంపెనీ 1976లో తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడికి తెచ్చింది. 2016లో మోటరోలా సొల్యూషన్స్ ప్రధాన కార్యాలయం షికాగో నగరానికి వెళ్ళిపోయిందనుకోండి. మాకు తెలిసిన పాత కుటుంబాల్లో కొందరు ఆ ఉద్యోగాల కోసమే ఈ ఊరు వచ్చారు. అంటే రేడియోలు, ఫోన్లు తయారు చేసినవాళ్ళం అన్నమాట. అయినా మా ఇళ్ళలో తీసిన వీడియో అమ్మమ్మగారి ఊరు చేరేసరికి బొమ్మ ఉంటే మాట ఉండదు, మాట ఉంటే బొమ్మ ఉండదు!

ఇవాళ నేను మాట్లాడబోయేది వీడియో తియ్యడం గురించి కాదు, ఎడిటింగ్ గురించీ కాదు. ఎడిటింగ్ అయిపోయాక మిగిలే చివరి పని గురించి. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని రెండరింగ్ అంటారు, ఎక్స్‌పోర్ట్ అంటారు. బటన్ ఒక్కటే. కానీ ఆ ఒక్క బటన్ నొక్కక నేను పోగొట్టుకున్నదేమిటో ముందు చెప్తాను. అది వింటే మిగతాది ఎందుకు చెప్తున్నానో మీకే తెలుస్తుంది.

2004 చలికాలంలో మా నాన్నగారు, అమ్మ మా ఇంటికి వచ్చారు. నాన్నగారికి ఇక్కడ ఏమీ తోచేది కాదు. బయట మంచు, లోపల హీటరు. పేపరు లేదు, పలకరించే మనిషి లేడు. ఒక ఆదివారం నేను మినీ డీవీ కెమెరా స్టాండు మీద పెట్టి, "నాన్నా, మన ఊరి సంగతులు చెప్పండి" అన్నాను. మొదట మొహమాటపడ్డారు. తరువాత ఆపడం కష్టమైంది. మూడు టేపులు నిండాయి. ఒక్కోటి గంట. మొదటి టేపులో చదువు, రెండో దాంట్లో పెళ్ళి, ఉద్యోగం, మూడో దాంట్లో మా తాతగారు, ఇంటి వెనక నుయ్యి తవ్వించిన కథ.

ఆ మూడు గంటలూ కంప్యూటర్‌లోకి ఎక్కించి కూర్చాను. నలభై నిమిషాల సినిమా తయారైంది. తయారైందని నేను అనుకున్నాను. నిజానికి నా దగ్గర ఉన్నది ప్రాజెక్టు ఫైలు మాత్రమే. సినిమాగా బయటికి తియ్యలేదు. ఎందుకంటే ఎప్పుడూ ఏదో ఒక సవరణ మిగిలి ఉండేది. పేర్లు బాగా పడలేదు, అక్కడ దగ్గు తీసెయ్యాలి, ఇక్కడ వీణ పెట్టాలి. నాన్నగారు ఏప్రిల్‌లో తెనాలి వెళ్ళిపోయారు. ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవారు, "ఏరా, సినిమా అయిందా?" అని. "ఇంకొంచెం ఉంది నాన్నా" అనేవాణ్ణి.

ఈలోపల కంప్యూటర్‌లో చోటు చాలలేదు. మినీ డీవీ వీడియో గంటకి సుమారు 13 జీబీ. మూడు గంటలంటే 39. అప్పట్లో నా డిస్కు మొత్తం 80. అందుకని క్లిప్పులన్నీ బయటి డిస్కులోకి జరిపాను. ఆ బయటి డిస్కు కొన్నాళ్ళకి పాడైంది. ప్రాజెక్టు తెరిస్తే వరసగా ఖాళీ గడులు, ప్రతి దాని మీదా ఎర్ర గుర్తు. సరే, టేపులు ఉన్నాయి కదా అని వెతికితే, మూడో టేపు మీద మా అమ్మాయి పుట్టినరోజు రికార్డయి ఉంది. "ఎలాగూ కంప్యూటర్‌లో ఉంది కదా" అని నేనే ఆ టేపు మళ్ళీ వాడాను. తాతగారు, నుయ్యి, అన్నీ పోయాయి. 2008లో నాన్నగారూ పోయారు. ఆ సినిమా ఆయన చూడలేదు.

ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. తప్పు నాదే. ప్రాజెక్టుకీ సినిమాకీ తేడా నాకు తెలియకపోలేదు. తెలిసీ పట్టించుకోలేదు.

ఇప్పుడు ఆ తేడా చెప్తాను. మీరు టైమ్‌లైన్ మీద క్లిప్పులు పేర్చి, కత్తిరించి, పాట చేర్చినప్పుడు మీ అసలు వీడియోకి ఏమీ జరగదు. "ఫలానా ఫైలులో రెండో నిమిషం నుంచి మూడో నిమిషం దాకా చూపించు, తరువాత ఈ ఫొటో పెట్టు" అని సాఫ్ట్‌వేర్ ఒక చీటీ రాసుకుంటుంది. ఆ చీటీయే ప్రాజెక్టు ఫైలు. అందుకే అది అంత చిన్నగా ఉంటుంది. దాన్ని మీ అక్కయ్యకి మెయిల్లో పంపిస్తే ఆవిడకి చీటీ చేరుతుంది, సరుకు చేరదు. మీ కంప్యూటర్‌లోనే ఫోల్డర్ పేరు మార్చినా సరుకు ఎక్కడుందో చీటీకి తెలియదు. ఎక్స్‌పోర్ట్ చెయ్యడమంటే ఆ చీటీ ప్రకారం ఒక్కో ఫ్రేమూ తయారు చేసి, మాట కలిపి, ఇంకెవరి మీదా ఆధారపడని ఒకే ఫైలుగా బయటికి ఇవ్వడం. అప్పుడే అది సినిమా.

ఇక్కడ చిన్న తికమక ఒకటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో టైమ్‌లైన్‌ని రెండర్ చెయ్యడం అని ఇంకోటి ఉంటుంది. అది పని చేసుకునేటప్పుడు మీకు బొమ్మ ఆగకుండా కనిపించడానికి. అది చేసినంత మాత్రాన పంపే ఫైలు రాదు. ఎక్స్‌పోర్ట్ అనో, షేర్ అనో, డెలివర్ అనో రాసి ఉన్నచోటికి వెళ్ళాల్సిందే.

అక్కడికి వెళ్ళగానే ఒక పెద్ద పట్టిక కనిపిస్తుంది. చాలామంది భయపడి ఏదో ఒకటి నొక్కేస్తారు. భయం అక్కర్లేదు. ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఎవరు చూస్తారు, దేని మీద చూస్తారు?

ఈ ప్రశ్న మనకి కొత్త కాదు. వీడియో క్యాసెట్ల రోజులు గుర్తున్నవాళ్ళకి తెలుసు. అమెరికాలో టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. 525 గీతలు, సెకనుకి సుమారు 30 ఫ్రేములు. ఇండియాలో పాల్ పద్ధతి. 625 గీతలు, 25 ఫ్రేములు. ఇక్కడ సీమంతం తీసి క్యాసెట్టు పంపిస్తే, అక్కడి వీసీఆర్‌లో పెట్టగానే బొమ్మ దొర్లిపోవడమో, రంగు లేకపోవడమో జరిగేది. డబ్బు ఇచ్చి పాల్‌లోకి మార్పించి పంపేవాళ్ళం. తరువాత డీవీడీలు వచ్చాయి. దుకాణంలో కొన్న సినిమా డిస్కులకి ప్రాంతాల లెక్క వచ్చింది, అమెరికా 1, ఇండియా 5. మనం ఇంట్లో రాసుకున్న డిస్కులకి ఆ తాళం ఉండదు గాని, ఎన్‌టీఎస్‌సీ, పాల్ పేచీ అలాగే ఉండిపోయింది.

ఇప్పటి ఫైళ్ళకి ఆ పేచీ లేదు. 30 అయినా 25 అయినా ఫోన్లు, కంప్యూటర్లు, ఈనాటి టీవీలు ఆడిస్తాయి. కానీ కొత్త పేచీలు వచ్చాయి. వాటిని ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, ఫైలు రకం. ఎంపీ4 అనేది డబ్బా. లోపల సరుకుని ఏ పద్ధతిలో కుదించారన్నది వేరే విషయం. దాన్ని కోడెక్ అంటారు. 2003లో వచ్చిన హెచ్.264 అనే పద్ధతిని దాదాపు ప్రతి ఫోనూ, టీవీ, కంప్యూటరూ గుర్తుపడతాయి. 2013లో వచ్చిన హెచ్.265, దాన్నే హెచ్ఈవీసీ అని కూడా అంటారు, ఇంకా చిన్న ఫైలు ఇస్తుంది. ఐఫోన్లు 2017 నుంచి దాన్ని వాడుతున్నాయి. అయితే పాత కంప్యూటర్లలో, పాత టీవీల్లో అది తెరుచుకోకపోవచ్చు. మాట మాత్రమే వినిపించి తెర నల్లగా ఉందని పెద్దవాళ్ళు చెప్తే చాలాసార్లు కారణం ఇదే. అందుకని బంధువులకి పంపేటప్పుడు ఎంపీ4 డబ్బా, హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో. ఈ మూడూ గుర్తుంచుకుంటే నూటికి తొంభై ఇబ్బందులు పోతాయి.

రెండోది, బిట్‌రేట్. సెకనుకి ఎంత సమాచారం ఖర్చు పెడుతున్నామన్న లెక్క. దీనికి సులువైన సూత్రం ఉంది. సెకనుకి 8 మెగాబిట్లు అంటే ఒక మెగాబైటు. నిమిషానికి 60 మెగాబైట్లు. గంటకి 3.6 జీబీ. 1080పి వీడియోకి, సెకనుకి 30 ఫ్రేములైతే, యూట్యూబ్ వారు సూచించేది కూడా ఈ 8 మెగాబిట్లే. 4కె అయితే 35 నుంచి 45. నలభై అనుకుంటే గంటకి 18 జీబీ అవుతుంది. అన్నప్రాశన వీడియో అంత అవసరమా అన్నది మీరే ఆలోచించుకోండి. అదే, పల్లెలో ఫోన్ మీద చూసే మేనత్తకైతే, 720పి పెట్టి 2 మెగాబిట్లు ఇవ్వండి. ఇరవై నిమిషాల వీడియో 300 మెగాబైట్లలో సరిపోతుంది.

కానీ అన్ని వీడియోలకీ ఒకే కొలత పనికిరాదు. నాన్నగారు సోఫాలో కూర్చుని మాట్లాడుతుంటే కదిలేది పెదవులు, చేతులు మాత్రమే. తక్కువ బిట్‌రేట్ చాలు. అదే మీ అమ్మాయి కూచిపూడి అరంగేట్రం అనుకోండి. చీర అంచు, గజ్జెలు, వెనక తెర మీద రంగుల దీపాలు, అన్నీ ఒకేసారి కదులుతాయి. అక్కడ పొదుపు చేస్తే జతి వేగం అందుకున్న చోటల్లా బొమ్మ చిన్న చిన్న చతురస్రాలుగా విరిగిపోతుంది. నాట్యానికి ధారాళంగా ఇవ్వండి, ఉపన్యాసానికి పొదుపు చెయ్యండి.

మూడోది, ఫ్రేమ్‌ల లెక్క. ఇండియాలో పెళ్ళి తీసిన వీడియోగ్రాఫర్ 25లో తీసి ఉండవచ్చు, మీరు ఇక్కడ ఫోనుతో 30లో తీసి ఉండవచ్చు. ఏది ఎక్కువ ఉంటే ఆ లెక్కలోనే ఎక్స్‌పోర్ట్ చెయ్యండి. ఇంకో సంగతి. ఫోన్లు చాలావరకు వెలుతురుని బట్టి ఫ్రేముల వేగం మార్చుకుంటూ తీస్తాయి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకి అది నచ్చదు. మొదట్లో బాగానే ఉండి, పదో నిమిషానికి పంతులుగారి పెదవులు ముందు, మంత్రం వెనక అవుతుంది. అలాంటప్పుడు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ క్లిప్పుని స్థిరమైన వేగానికి మార్చుకుని, అప్పుడు ఎడిటింగ్‌లోకి తెచ్చుకోవాలి.

పాత టేపులున్నవాళ్ళకి ఒక మాట. ఆ రోజుల్లో బొమ్మని సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి చొప్పున రాసేవారు. ఇప్పటి తెరల మీద చెయ్యి కదిలినప్పుడల్లా దువ్వెన పళ్ళలా గీతలు కనిపిస్తాయి. డీఇంటర్‌లేస్ అనే అమరిక పెడితే పోతాయి. అలాగే ఆ బొమ్మ 4:3 కొలతలో ఉంటుంది. దాన్ని 16:9 తెర నిండా లాగితే మన తాతలందరూ లావైపోతారు. రెండు పక్కలా నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి, మనుషులు మనుషుల్లా ఉంటారు.

ఇక మన తెలుగు పేర్లు. ఎడిటింగ్‌లో బాగా కనిపించిన అక్షరాలు చివరికి ఒత్తులు విడిపోయి, "శ్రీ" అని రాస్తే శ ఒకచోట, ర ఒత్తు ఇంకొకచోట పడటం మీలో చాలామంది చూసి ఉంటారు. అన్ని సాఫ్ట్‌వేర్లకీ భారతీయ లిపులని కూర్చడం సరిగా రాదు. అడోబీ ప్రీమియర్‌లో అయితే దక్షిణాసియా భాషల కోసం వేరే అమరిక ఉంది, అది ఎంచుకోవాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో అలాంటిది లేకపోతే, తెలుగు సరిగ్గా వచ్చే ఏ ప్రోగ్రామ్‌లోనైనా పేరు రాసి, దాన్ని వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా దాచి, ఆ బొమ్మని టైమ్‌లైన్ మీద పెట్టండి. బొమ్మ కాబట్టి ఒత్తులు ఎక్కడికీ పోవు. పెళ్ళి శుభలేఖలో పేరు తప్పు పడితే ఎంత బాధపడతామో, ఇదీ అంతే.

సరే, ఇన్ని పెట్టాక బటన్ నొక్కే ముందు మూడు పనులు చెయ్యండి. డిస్కులో ఫైలుకి కావలసినదానికి రెట్టింపు చోటు ఉందో లేదో చూడండి. లాప్‌టాప్‌ని గోడ ప్లగ్గుకి తగిలించి, నిద్రపోకుండా అమర్చండి. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి సగంలో ఆగిపోయి ఉండటానికి ఎక్కువసార్లు కారణం అదే. మూడోది ముఖ్యం. మొత్తం చెయ్యక ముందు ఒక నిమిషం ముక్క, అందులో తెలుగు పేరు, మాట, వేగంగా కదిలే దృశ్యం మూడూ ఉండేలా, ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. వీలైతే ఆ ముక్కని ఇండియాకి పంపి, "అక్కా, నీ ఫోన్లో కనిపిస్తోందా, వినిపిస్తోందా?" అని అడగండి. రెండు గంటలు రెండర్ చేసి తెలుసుకునేది రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

ఇప్పుడు పంపడం. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది తనకు నచ్చినట్టు మళ్ళీ కుదిస్తుంది. మీరు చేసిన లెక్కలన్నీ వృథా. అదే డాక్యుమెంట్‌గా జతచేస్తే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. 2022 నుంచి 2 జీబీ దాకా అలా పంపడానికి వీలు కల్పించారు. పెద్ద వీడియో అయితే యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ అని పెట్టండి. లింకు ఉన్నవాళ్ళే చూడగలరు, వెతికితే దొరకదు. అయితే లింకు చేతులు మారితే ఎవరైనా చూడవచ్చు కాబట్టి, పిల్లలు స్నానాలు చేసే వీడియోలు, అందరికీ చూపించాలనుకోని మాటలు అక్కడ పెట్టకండి. సినిమా పాట వెనక పెట్టారనుకోండి, యూట్యూబ్ దాన్ని యంత్రంతోనే గుర్తుపట్టి, హక్కుదారు కోరినట్టు ప్రకటనలు వెయ్యడమో, అసలు చూపించకపోవడమో చేస్తుంది. మన పిల్లలు వాయించిన వీణో, వయొలినో పెట్టుకుంటే ఆ గొడవ తగ్గుతుంది, విన్నవాళ్ళకీ సంతోషం.

ఎవరైనా ఇండియా వెళ్తుంటే పెన్ డ్రైవ్ ఇచ్చి పంపడం అన్నిటికన్నా హాయి. పెద్దవాళ్ళు టీవీకి గుచ్చుకుని చూస్తారు. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్ డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలుని తీసుకోదు, డ్రైవు 64 జీబీదైనా సరే. ఇందాకటి లెక్కన గంట వీడియో పడుతుంది, గంటన్నర వీడియో పట్టదు. రెండు భాగాలు చెయ్యండి. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో పెడితే పెద్ద ఫైలూ పడుతుంది గాని, అక్కడి పాత టీవీ దాన్ని చదువుతుందో లేదో ముందే కనుక్కోండి.

చివరిగా దాచుకోవడం. ఆవకాయ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్ద జాడీ ఒకటి ఉంటుంది. దాంట్లోంచి పొడి గరిటెతో తీసి చిన్న సీసాల్లో పెట్టి అమ్మాయికో సీసా, పక్కింటివాళ్ళకో సీసా ఇస్తాం. వీడియో కూడా అంతే. వీలైనంత ఎక్కువ నాణ్యతతో మొదట ఒక పెద్ద ఫైలు తియ్యండి. అది జాడీ. అత్తకి పంపే చిన్న ఫైలు, యూట్యూబ్ ఫైలు, పెన్ డ్రైవ్ ఫైలు అన్నీ దాంట్లోంచే తియ్యండి. వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన సీసాలోంచి మళ్ళీ ఇంకో సీసా నింపకండి. కుదించినదాన్ని మళ్ళీ కుదిస్తే ప్రతిసారీ కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. ఆ జాడీని రెండు డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. అసలు క్లిప్పులు, ప్రాజెక్టు, పాటలు, అక్షరాలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి దాన్నీ దాచండి. టేపు మీద మాత్రం, దయచేసి, ఇంకేదీ రికార్డు చెయ్యకండి.

నా కథ సగంలో ఆపాను కదా. 2016లో ఆ మిగిలిన రెండు టేపులూ ఒక స్నేహితుడి కెమెరాలో పెట్టి మళ్ళీ ఎక్కించాను. ఈసారి వీణ పెట్టలేదు, దగ్గు తియ్యలేదు. ఇరవై రెండు నిమిషాలు వచ్చింది. ఆ రాత్రే ఎక్స్‌పోర్ట్ చేశాను. ఇక్కడ రాత్రి తొమ్మిదికి పంపిస్తే అక్కడ ఉదయం ఎనిమిదిన్నర. మా చెల్లెలు టీవీకి పెట్టి అమ్మని కూర్చోబెట్టింది. అయిపోయాక అమ్మ ఫోన్ చేసి, "మీ నాన్న స్వెటరు తిరగేసి వేసుకున్నారు, ఎవరూ చెప్పలేదేమిట్రా?" అంది. కాసేపు ఊరుకుని, "నుయ్యి కథ ఏదీ? అది కూడా చెప్పారు కదా, నేను పక్కనే ఉన్నాను" అంది.

ఆ కథ ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. అమ్మకి గుర్తున్నంత వరకు నేను రాసి పెట్టుకున్నాను. అది నాలుగు వాక్యాలు.

మీ కంప్యూటర్లలో కూడా ఇంకొంచెం మిగిలి ఉన్న సినిమాలు ఉండే ఉంటాయి. పేరు వంకరగా పడినా పరవాలేదు, పాట కుదరకపోయినా పరవాలేదు. ఇవాళ రాత్రి బయటికి తియ్యండి. సవరణలు తరువాత చేసుకోవచ్చు, రెండో ప్రతి ఎప్పుడైనా వస్తుంది. ముందు మొదటి ప్రతి ఊరు చేరనివ్వండి.